మా కారులో వెలిగిన ఎర్ర దీపం: సీటు బెల్టు చరిత్ర

పరిచయం

ఈ సంవత్సరం మా చరిత్ర సార్ పదవ తరగతి వాళ్లందరికీ ఒక పని అప్పగించారు. "రాజుల గురించి, యుద్ధాల గురించి పుస్తకంలో ఉంది. మీరు మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు తీసుకొని దాని చరిత్ర రాయండి. అది ఎక్కడ పుట్టింది, మన సిరొంచ దాకా ఎట్లా వచ్చింది, మన బతుకులో ఏం మార్చింది? ఈ మూడింటికి జవాబు ఉండాలి" అన్నారు.

నా స్నేహితురాళ్లలో ఒకరు ఇసుర్రాయి తీసుకున్నారు, ఒకరు తాతగారి చేపల వల తీసుకున్నారు. నేను మా కారు సీటు బెల్టు తీసుకున్నాను. క్లాసులో అందరూ నవ్వారు. సీటు బెల్టుకు చరిత్ర ఏముంటుంది, పోలీసులు కనిపిస్తే పెట్టుకుంటాం, దాటినంక తీసేస్తాం అన్నారు. నిజం చెప్పాలంటే నాలుగు నెలల కింద నేను కూడా అట్లాగే అనుకునేదాన్ని. మా కారులో ఒక ఎర్ర దీపం వెలగడం, దసరాకు మా మామ ఇంటికి రావడం, ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన చర్చ, వీటి వల్ల నా ఆలోచన మారింది. అందుకే ఈ వ్యాసం.

పడవ నుంచి వంతెన దాకా

సీటు బెల్టు గురించి చెప్పే ముందు మా దారుల గురించి చెప్పాలి. ఎందుకంటే వేగం లేని చోట బెల్టుతో పని లేదు.

మా సిరొంచ తాలూకాకు మూడు దిక్కులా నదులే. పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు మీది ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు ఇచ్చాడు. వాళ్లు దీన్ని ఎగువ గోదావరి జిల్లా అని పిలిచి సిరొంచను దానికి ముఖ్య పట్టణం చేశారు. ఆ రోజుల్లో దొరలకు రోడ్ల మీద కన్నా నీళ్ల మీదనే ఆశ ఎక్కువ. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం గోదావరి మీదుగా పడవల్లో పత్తిని సముద్రం దాకా తీసుకుపోవాలని పనులు మొదలుపెట్టారు. కానీ నదిలో మూడు చోట్ల రాతి బండలు అడ్డం ఉన్నాయి. చాలా డబ్బు ఖర్చు చేసి 1870ల మొదట్లో ఆ పని వదిలేశారు. 1874లో జిల్లాను కూడా రద్దు చేసి చాందా జిల్లాలో కలిపారు. అప్పటి ముఖ్య పట్టణం ఇప్పుడు 1982లో ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో ఒక చివరి తాలూకా.

మా నానమ్మ చెప్పే కథల్లో నది దాటడం అంటే నాటు పడవే. కాళేశ్వరం గుడికి పోవాలన్నా, అవతలి గట్టు చుట్టాల ఇంటికి పోవాలన్నా పడవలోనే. వానాకాలం నది పొంగితే అటు వాళ్లు అటే, ఇటు వాళ్లు ఇటే. తర్వాత జీపులు వచ్చాయి. జీపులో ఎంతమంది పడతారో లెక్క ఉండేది కాదట. వెనక వేలాడేవాళ్లు వేలాడేవాళ్లే. అయినా గుంతల రోడ్డు మీద జీపు మెల్లగా పోయేది, పడితే మోకాలు చెక్కుకుపోయేది, అంతే అని బాపు అంటాడు.

ఈ పది పన్నెండేళ్లలో గోదావరి మీద, ప్రాణహిత మీద, ఇంద్రావతి మీద వంతెనలు వచ్చాయి. 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగా ఇటు తెలంగాణను, అటు ఛత్తీస్‌గఢ్‌ను కలుపుతుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఎన్ని కార్లు వచ్చాయో మేమందరం చూశాం. పడవకు గంట పట్టిన దారి ఇప్పుడు నిమిషాల పని. చాలా మంచిది. ఆసుపత్రి దగ్గరైంది, కాలేజీ దగ్గరైంది. కానీ దారితో పాటు వేగం కూడా వచ్చింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆ వేగంతో పోయి చెట్టుకు గుద్దుకోవడం అంటే 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పెద్ద తాటిచెట్టు మీద నుంచి కింద పడటంతో సమానం. ఈ లెక్క మా సైన్సు టీచర్ బోర్డు మీద చేసి చూపించారు. కారు ఆగుతుంది, లోపలున్న మనిషి ఆగడు. అతన్ని ఆపేది బెల్టే.

బెల్టు ఎక్కడ పుట్టింది

1885లో అమెరికాలో ఎడ్వర్డ్ క్లాగ్‌హార్న్ అనే ఆయన మనిషిని ఒక చోట కట్టి ఉంచే భద్రతా బెల్టుకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత విమానాల్లో నడుముకు కట్టే పట్టీలు వచ్చాయి.

మనిషి శరీరం ఎంత కుదుపును తట్టుకుంటుందో తెలుసుకోవడానికి అమెరికా వైమానిక దళంలో జాన్ పాల్ స్టాప్ అనే డాక్టరు తన మీదనే ప్రయోగాలు చేసుకున్నాడు. 1954 డిసెంబర్ 10న రాకెట్లు బిగించిన బండి మీద పట్టీలతో తనను కట్టించుకొని గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో పోయి, ఒకటిన్నర సెకను లోపే ఆగాడు. కళ్లలో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది. కానీ బతికాడు. పట్టీలు సరిగ్గా ఉంటే మనిషి బతుకుతాడని అలా తేలింది.

ఇప్పుడు మనం వాడే బెల్టును స్వీడన్ దేశంలో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారు చేశాడు. అంతకుముందు ఆయన యుద్ధ విమానాల్లో ప్రమాదం వస్తే పైలట్‌ను సీటుతో సహా బయటకు విసిరేసే యంత్రాల మీద పనిచేసేవాడు. పాత బెల్టు నడుముకు మాత్రమే ఉండేది. గుద్దుకున్నప్పుడు తల ముందుకు పోయి తగిలేది, బెల్టు పొట్టలోకి దిగేది. బోలిన్ ఒక పట్టీని నడుము మీదుగా, ఒక పట్టీని భుజం మీదుగా తెచ్చి పక్కన ఒకే చోట కలిపాడు. ఒక చేత్తో పెట్టుకోవచ్చు. 1959లో అది కార్లలోకి వచ్చింది. ఆ పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో ఒప్పుకుంది. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన మాట ఇదే.

బెల్టు ఉంటే సరిపోదు, పెట్టుకోవాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970లో అందరూ పెట్టుకోవాల్సిందేనని ప్రపంచంలో మొదటిసారి చట్టం చేసింది. మన దేశంలో 1993లో నియమాలు మార్చి 1994 నుంచి కొత్త కార్లకు ముందు సీట్లలో బెల్టులు తప్పనిసరి చేశారు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక బెల్టు పెట్టుకోకపోతే జరిమానా 1000 రూపాయలు అయింది. ముందుకు చూసే వెనక సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా పెట్టుకోవాలని నియమం ఉన్నా చాలామందికి తెలియదు. 2022 సెప్టెంబర్ 4న మన మహారాష్ట్రలోనే, పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు అని పోలీసులు చెప్పారు. కారు ఎంత ఖరీదైనదైనా బెల్టు పని బెల్టే చేయాలి. కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ ఒక్క 2022లోనే దేశంలో బెల్టు పెట్టుకోకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 16,715 మంది. అందులో సుమారు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు.

బెల్టును బిగించే టెన్షనర్

బెల్టు పెట్టుకున్నా అది ఒంటికి అతుక్కొని ఉండదు. చీర మడతలు, స్వెటర్, సీట్లో జారి కూర్చోవడం వల్ల కొంత వదులు ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ వదులు మేరకు మనిషి ముందుకు పోతాడు. ఈ వదులును లాగేయడానికి చేసిందే టెన్షనర్. 1981లో మెర్సిడీస్ బెంజ్ ఎస్-క్లాస్ కారులో ఎయిర్ బ్యాగు, బెల్టు టెన్షనర్ రెండూ కలిసి వచ్చాయి. అప్పుడు అది కోటీశ్వరుల కారు. ఇప్పుడు మా ఊరి కిరాణా కొట్టు ముందు ఆగే చిన్న కారులో కూడా ఉంది.

దాని పని ఇట్లా ఉంటుంది. డోరు పక్క స్తంభం కింది భాగంలో బెల్టు చుట్టుకునే రీలు ఉంటుంది. రీలుకు ఆనుకొని చిన్న గొట్టం, అందులో దీపావళి మందు లాంటి మందు కొంచెం, దాన్ని అంటించడానికి సన్నని తీగ ఉన్న ఒక గుళిక ఉంటాయి. కారు మధ్యలో ఉండే కంట్రోల్ పెట్టె గుద్దుడును గుర్తుపట్టి ఆ గుళికకు కరెంటు పంపుతుంది. మందు అంటుకొని గ్యాసు వస్తుంది, గ్యాసు రీలును వెనక్కి తిప్పుతుంది, బెల్టు కొన్ని అంగుళాలు లోపలికి లాగుకుంటుంది. ఇదంతా మనం రెప్ప వేసే లోపే అయిపోతుంది. ఒకసారి పేలిన టెన్షనర్ మళ్లీ పనికిరాదు, కొత్తది వేయాల్సిందే.

కారు తాళం తిప్పినప్పుడల్లా కంట్రోల్ పెట్టె ఆ తీగలన్నింటినీ పరీక్షించుకుంటుంది. అప్పుడే డ్యాష్‌బోర్డు మీద కూర్చున్న మనిషి, ముందు గుండ్రని బంతి ఉన్న ఎర్ర దీపం వెలుగుతుంది. అంతా బాగుంటే కొన్ని సెకన్లకు ఆరిపోతుంది. ఆరకపోతే ఏదో లోపం ఉన్నట్టు. బెల్టు పెట్టుకోమని కూతపెట్టే దీపం వేరు, ఇది వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మేమూ అట్లాగే అనుకున్నాం.

మా కారు

మే నెలలో మిర్చి పైసలు వచ్చినంక బాపు ఒక పాత కారు కొన్నాడు. 2019 మోడల్, ఎంహెచ్ 34 నంబరు, అంటే చంద్రపూర్ రిజిస్ట్రేషన్. జులై వానల్లో ఎర్ర దీపం అప్పుడప్పుడు వెలగడం మొదలైంది. ఆగస్టుకు వెలిగితే ఆరడం మానేసింది. బండి బాగానే నడుస్తుంది కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. రోడ్డు పక్క ఒక మెకానిక్ చూసి, "ఏం లేదు, సెన్సార్ దీపం. ఐదు వందలు ఇస్తే చిన్న ముక్క అతికి ఆర్పేస్త" అన్నాడట. బాపు సరే అందామనుకున్నాడు కానీ ఆ రోజు తొందరలో వచ్చేశాడు.

అప్పటికే మా అక్క పురిటికి ఇంటికి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. ఆసుపత్రి నదికి అవతల. ప్రతిసారీ ఆ కారులోనే పరీక్షలకు తీసుకుపోయేవాళ్లం. అక్క ముందు సీట్లో ఎడమ వైపు కూర్చునేది, వెనక సీట్లో కుదుపు ఎక్కువని.

దసరాకు మా మామ వచ్చాడు. ఆయన ఐటీఐ చదివి వరంగల్‌లో కార్ల కరెంటు పని చేస్తాడు. కారు చూసిన మొదటి నిమిషంలోనే, "ఈ దీపం ఎన్ని రోజుల సంది వెలుగుతుంది బావా?" అని అడిగాడు. బాపు చెప్పగానే ఆయన మొహం మారింది.

లోపం వెతకడం

మరునాడు పొద్దున మామ కారు దగ్గర కూర్చున్నాడు. నేను నోటు పుస్తకం పట్టుకొని పక్కన కూర్చున్నాను. ఆయన చేసిన వరుస ఇది.

మొదట తన స్కానర్‌ను స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో పెట్టాడు. ఏదీ విప్పకముందే తెర మీద వచ్చినవన్నీ నన్ను రాసుకోమన్నాడు. అందులో రెండు వరుసలు ఉన్నాయి. ఒకటి ఇప్పుడు ఉన్న లోపాలు, రెండోది హిస్టరీ. "కారుకు కూడా చరిత్ర ఉంటదా మామా?" అన్నాను. "ఉంటది బిడ్డా. కానీ ఎవరైనా తుడిచేయవచ్చు" అన్నాడు. మా కారు హిస్టరీ ఖాళీగా ఉంది. ఇప్పటి లోపం మాత్రం ఒకటే: కుడి ముందు సీటు టెన్షనర్, నిరోధం ఎక్కువ.

రెండో పని, తాళం తీసి బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పడం. విప్పిన వెంటనే ముట్టుకోలేదు. కంట్రోల్ పెట్టెలో కొంత కరెంటు నిల్వ ఉంటుంది. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా టెన్షనర్ పేలడానికి ఆ ఏర్పాటు. అది దిగిపోయేదాకా ఆగాలి. ఎంతసేపు అనేది కారును బట్టి ఉంటుంది, ఆ కారు పుస్తకంలో రాసి ఉంటుంది. మామ అంతకన్నా ఎక్కువే, పావుగంట ఆగాడు. ఆ పావుగంటలో చాయ్ తాగాం.

మూడోది నాకు ఆశ్చర్యం అనిపించింది. మామ దగ్గర మీటరు ఉంది. నిరోధం ఎక్కువ ఉందని స్కానర్ చెప్పింది కదా, మీటరు పెట్టి కొలిస్తే అయిపోదా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. "మీటరు నిరోధం కొలిచేటప్పుడు తనే కొంచెం కరెంటు పంపుతది. ఆ కొంచెం కరెంటుతోనే మందు అంటుకుంటే? మొహం దగ్గర పెట్టుకొని ఉంటవ్" అన్నాడు. టెన్షనర్ మీద నేరుగా మీటరు ఎన్నడూ పెట్టరాదు. దాని బదులు, టెన్షనర్‌ను విప్పి పక్కన పెట్టి, తీగల వైపు రెండు ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. టెన్షనర్ నిరోధం కూడా సుమారు అంతే ఉంటుంది. అప్పుడు బ్యాటరీ కలిపి చూస్తే, దీపం లోపం చూపకపోతే టెన్షనర్ చెడింది అని, ఇంకా చూపితే తీగల్లోనో పెట్టెలోనో లోపం అని అర్థం. అనుమానాన్ని సగానికి సగం తగ్గించుకుంటూ పోవడమే పద్ధతి.

మా కారులో రెసిస్టర్ పెట్టినా లోపం పోలేదు. రెసిస్టర్‌ను తీగ రెండో కొసకు, కంట్రోల్ పెట్టె దగ్గరికి మార్చితే పోయింది. అంటే పెట్టె మంచిదే, మధ్యలో తీగలో తంటా. స్తంభం కింద ఉన్న పసుపు రంగు కనెక్టర్‌ను దీపం పెట్టి చూస్తే లోపల పిన్నుల మీద ఆకుపచ్చ చిలుం. కింద తివాచీ తడిగా ఉంది. డోరు రబ్బరు సరిగా లేక వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి. కనెక్టర్ తాళం కూడా పూర్తిగా కూర్చోలేదు. ఆ కనెక్టర్‌లో ఒక చిన్న రేకు ఉంటుంది, విప్పగానే అది టెన్షనర్ పిన్నులు రెండింటినీ కలిపేస్తుంది, అనుకోకుండా పేలకుండా ఉండటానికి. అంత జాగ్రత్తగా చేసిన వస్తువును ఎవరో తొందరలో పెట్టారు అన్నాడు మామ.

"దొరికింది కదా, అయిపోయినట్టేనా?" అన్నాడు బాపు. మామ జవాబు చెప్పలేదు. "ఇది కంపెనీలో పెట్టిన చెయ్యి కాదు" అని లేచి బెల్టును పూర్తిగా బయటకు లాగి, కింది కొసన కుట్టిన తెల్ల చీటీ చూశాడు. దాని మీద తయారైన తేదీ ఉంటుంది. కుడి వైపు బెల్టు 2021. వెనక సీటు బెల్టులు రెండూ 2019. ఎడమ ముందు సీటు బెల్టు 2016.

కారు 2019ది. దానికన్నా మూడేళ్లు ముందు పుట్టిన బెల్టు అందులోకి ఎట్లా వచ్చింది?

మామ ఎడమ స్తంభం కవరు విప్పాడు. టెన్షనర్ ఉండాల్సిన చోట మామూలు రీలు ఉంది, ఏదో పాత కారుది. పసుపు కనెక్టర్ కోసేసి, రెండు తీగల మధ్య నల్ల టేపు చుట్టిన చిన్న ముక్క. టేపు విప్పితే రెసిస్టర్. మామ పరీక్ష కోసం అరగంట పెట్టిన వస్తువునే ఎవరో శాశ్వతంగా అతికించారు. కంట్రోల్ పెట్టె తాళం తిప్పినప్పుడల్లా అడుగుతుంది, టెన్షనర్ ఉన్నదా అని. రెసిస్టర్ ఉన్నది అని జవాబు చెబుతుంది. అందుకే ఎడమ వైపు లోపం స్కానర్ చూపలేదు.

ఎవరూ కాసేపు మాట్లాడలేదు. అక్క గడప మీద కూర్చొని చూస్తోంది. ఆ సీట్లో ఆమె ఎన్నిసార్లు వంతెన దాటిందో నేను లెక్కపెట్టుకున్నాను. ఏడు సార్లు పోయి, ఏడు సార్లు వచ్చింది.

చీటీలు చెప్పిన చరిత్ర

సార్ మాకు శాసనాల గురించి చెప్పేటప్పుడు, రాయి మీద తేదీ ఉంటే మిగతా కథ దాని చుట్టూ అల్లుకోవచ్చు, కానీ తేదీ చెప్పినంత వరకే నమ్మాలి అని చెప్పారు. నేను ఆ పద్ధతిలోనే రాసుకున్నాను.

తెలిసింది: కారు 2019లో తయారైంది. ముందు బెల్టులు రెండూ తర్వాత మార్చారు. కుడి బెల్టు 2021ది కాబట్టి ఆ మార్పు 2021కి ముందు జరిగి ఉండదు. కంట్రోల్ పెట్టె జ్ఞాపకం ఖాళీగా ఉంది, అంటే పెట్టెను మార్చి ఉండాలి, లేకుంటే తుడిచి ఉండాలి.

ఊహించదగింది: 2021లోనో తర్వాతనో ముందు నుంచి గుద్దుడు జరిగి టెన్షనర్లు పేలాయి. కుడి వైపుకు కొత్తది కొన్నారు. ఎడమ వైపుకు పాతది బిగించి రెసిస్టర్ అతికారు.

తెలియనిది: అది ఎవరు చేశారు, డబ్బులు లేకనా, మోసానికా, అప్పుడు ఎడమ సీట్లో ఎవరున్నారు, వాళ్లకు ఏమైంది. బాపు అమ్మిన మనిషికి ఫోన్ చేస్తే తనకూ తెలియదన్నాడు. నిజంగా తెలియకపోవచ్చు కూడా. అతని చేతికి ఆ కారు ఎన్నో చెయ్యిగా వచ్చిందో. కానీ ఒక సంగతి నా మనసులో నిలిచిపోయింది. బండి నడిపేవాళ్ల సీటుకు కొత్త బెల్టు, పక్క సీటుకు తీగ ముక్క. మా ఊళ్లో పక్క సీట్లో కూర్చునేది ఎక్కువగా అమ్మలు, అక్కలు, నానమ్మలు.

ఇంట్లో జరిగిన చర్చ

రెండు వైపులా సరిచేయడానికి అయ్యే ఖర్చు మామ చెప్పగానే బాపు తల పట్టుకున్నాడు. మా కాక ఒక మాట అన్నాడు. "కుడి దిక్కు కూడ గసుంటి ముక్కనే పెట్టించు అన్నా. దీపం ఆరుతది. వచ్చిన కాడికి అమ్మేద్దాం. మనకు అమ్మినోడు గట్లనే చేసిండు కద." కాక చెడ్డవాడు కాదు. బాపుకు నష్టం రావద్దని అన్నాడు. బాపు కూడా వెంటనే కాదనలేదు. నేను అది దాచకుండా రాస్తున్నాను.

మామ మాత్రం, "ఆ ముక్క దీపాన్ని మోసం చేస్తది బావా, చెట్టును మోసం చెయ్యది" అన్నాడు. అప్పుడు అమ్మ అంది, "మన పిల్లను ఏడు సార్లు కూసోబెట్టినం. ఇంకొకల పిల్లను కూసోబెడదామా?" దాంతో చర్చ అయిపోయింది.

ఈ తీగలను అతికి టేపు చుట్టి వాడరాదు, కంపెనీ ఇచ్చిన తీగనే వేయాలి అని మామ చెప్పాడు. కంపెనీ వర్క్‌షాపులో ఎడమ వైపుకు కొత్త రీలు, టెన్షనర్, కుడి వైపుకు కొత్త తీగ, కనెక్టర్, డోరుకు కొత్త రబ్బరు వేశారు. ఎయిర్ బ్యాగులు కూడా విప్పించి చూపించమని మామ అడగమన్నాడు. అవి అసలైనవే. గుద్దుడు మోస్తరుగా ఉంటే టెన్షనర్లు మాత్రమే పేలి బ్యాగులు పేలకపోవచ్చట. అక్క గాజుల కోసం దాచిన పైసలు అందులో పోయాయి. సామాను రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులు అక్కను పక్కింటి వాళ్ల బండిలో, బెల్టు పెట్టించి, మెల్లగా తీసుకుపోయారు.

గర్భిణీలు బెల్టు పెట్టుకోకూడదని మా వీధిలో చాలామంది అంటారు. అది తప్పు. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా రావాలి. భుజం పట్టీ ఛాతీ మధ్యగా, పొట్ట పక్కగా పోవాలి. ఆసుపత్రిలో నర్సమ్మ కూడా ఇదే చెప్పింది.

ముగింపు

నానమ్మ కాలంలో నది దాటాలంటే పడవ నడిపే మనిషిని నమ్మేవాళ్లు. అతను తెలిసినవాడు, పడవకు చిల్లు ఉంటే కంటికి కనిపించేది. ఇప్పుడు మనం కంటికి కనిపించని తీగలను నమ్ముతున్నాం. క్లాగ్‌హార్న్ నుంచి బోలిన్ దాకా, అక్కడి నుంచి మా చిన్న కారు దాకా ఇంతమంది కష్టపడి తెచ్చిన వస్తువును ఒక చిన్న ముక్క పనికి రాకుండా చేస్తుంది. దాన్ని అడిగి తెలుసుకోవడం మన చేతిలో ఉంది.

తల్లిదండ్రులకు, టీచర్లకు నా మనవి. మీ కారు తాళం తిప్పినప్పుడు ఆ ఎర్ర దీపాన్ని చూడండి. వెలిగి ఆరితే మంచిది. ఆరకపోతే తెలిసినవాళ్లకు చూపించండి, ఆర్పించవద్దు. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దాన్ని ఆపేశారేమో అని అనుమానించండి. పాత కారు కొనేటప్పుడు నాలుగు బెల్టులూ పూర్తిగా లాగి చీటీల మీది తేదీలు చదవండి. దానికి మెకానిక్ అక్కర్లేదు, చదువు వస్తే చాలు. కానీ లోపల తీగలను మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దు.

దీపావళి తర్వాత వారం అక్కకు పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు బాపు తాళం తిప్పి దీపం ఆరేదాకా బండి కదిలించలేదు. వెనక సీట్లో పాపను పట్టుకున్న అక్క బెల్టు పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. ఇంత చిన్న పిల్లకు సరిపోయే బెల్టు మాత్రం మా కారులో లేదు. పసిపిల్లలకు వేరే సీటు ఉంటుందని, దాన్ని కూడా ఈ బెల్టుతోనే కడతారని మామ చెప్పాడు. వచ్చే మిర్చి పైసల్లో అది మొదటి ఖర్చు అని అమ్మ ఇప్పుడే చెప్పి పెట్టింది.

పదవ తరగతి విద్యార్థిని